నీళ్ళు లేని దీవి నేర్పిన పాఠం

వృత్తిరీత్యా నేను నీటి సరఫరా, మురుగునీటి పథకాలు తయారుచేసే ఇంజనీరుని. ఆ మధ్య పిల్లలతో ఫ్లోరిడా వెళ్ళినప్పుడు కీ వెస్ట్ నుంచి పడవెక్కి డ్రై టోర్టుగాస్ నేషనల్ పార్క్ చూసి వచ్చాము. నీలి సముద్రం, ఇటుకల కోట అందరూ చూసేవే. నా కళ్ళు మాత్రం అక్కడి నీటి ఏర్పాట్ల మీదే ఉన్నాయి. ఊరికి దూరంగా సముద్రపు ఒడ్డున పార్కో, రిసార్టో కట్టాలనుకునేవారికి పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

"నాన్నా, చుట్టూ నీళ్ళుంటే డ్రై అంటారేమిటి?" అని మా అమ్మాయి అడిగింది. 1513లో పోన్స్ డె లియోన్ ఇక్కడి తాబేళ్ళను చూసి 'టోర్టుగాస్' అని పేరు పెట్టాడు. మంచినీళ్ళు దొరకవని నావికులను హెచ్చరించడానికి తర్వాత 'డ్రై' చేర్చారు. కీ వెస్ట్ నుంచి దాదాపు 70 మైళ్ళు. పైపులైను ఊసే లేదు.

పాత తప్పు

1846లో అమెరికా సైన్యం ఇక్కడ ఫోర్ట్ జెఫర్సన్ కట్టడం మొదలుపెట్టింది. పైన పడ్డ వాననీరు ఇసుక నింపిన స్తంభాల గుండా వడకట్టుకుని, కోట కింది సంపుల్లో చేరాలి. ఆలోచన చక్కనిదే. కానీ కింద ఉన్నది గట్టి రాయి కాదు, ఇసుక, పగడపు ముక్కలు. కోట బరువుకు నేల కుంగి సంపులు బీటలువారాయి, ఉప్పునీరు లోపలికి వచ్చింది. చివరికి సముద్రపు నీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి తాగవలసి వచ్చింది.

కాగితం మీద లెక్క

ఒక చదరపు అడుగు కప్పు మీద ఒక అంగుళం వాన పడితే 0.62 గ్యాలన్ల నీళ్ళు. కీ వెస్ట్ లో ఏడాదికి సుమారు 40 అంగుళాల వాన. అంటే 2,000 చదరపు అడుగుల కప్పుకు దాదాపు 50,000 గ్యాలన్లు. నష్టాలకు అయిదో వంతు తీసేస్తే రోజుకు 110 గ్యాలన్లు మిగులుతాయి. రోజుకు వంద మంది వస్తే మనిషికి ఒక గ్యాలను. తాగడానికి, చేతులు కడుక్కోవడానికి సరి. అదే ఫ్లష్ టాయిలెట్ పెడితే, ఒకసారికి 1.6 గ్యాలన్ల చొప్పున మనిషి రెండుసార్లు వాడినా 320 గ్యాలన్లు కావాలి! పైగా వానలు వేసవిలో, సందర్శకుల రద్దీ చలికాలంలో. ఆరు నెలలకు సరిపడా, అంటే 18,000 గ్యాలన్ల ట్యాంకు ఉంటే గానీ ధైర్యం ఉండదు.

కాబట్టి మరుగుదొడ్డి ఎలాంటిదో తేలాకే ట్యాంకు ఎంతో తేలుతుంది. రెండిటినీ వేర్వేరుగా ప్లాను చేయడమే మనవాళ్ళు చేసే మొదటి పొరపాటు.

వాడిన నీరు ఎక్కడికి?

సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీరు శుభ్రపడాలంటే కింద తడిలేని నేల ఉండాలి. ఫ్లోరిడా నిబంధనల ప్రకారం వానాకాలపు నీటిమట్టానికి పైన 24 అంగుళాలు. చిన్న దీవిలో అంత దొరకడం కష్టం. ఇసుకలో మురుగు త్వరగా సముద్రం చేరుతుంది. అందులోని నత్రజని, భాస్వరం నాచును పెంచి పగడాలను చంపుతాయి.

అందుకే ఇక్కడ నీళ్ళు అక్కరలేని కంపోస్టు మరుగుదొడ్లు పెట్టారు. పడవ రేవులో ఉన్నంతసేపు అవి మూసేస్తారు, పడవలోనివే వాడుకోవాలి. మొదట విసుక్కున్నాను. తర్వాత ఆలోచిస్తే, రద్దీవేళ భారమంతా పడవతోపాటే ఒడ్డుకు తిరిగిపోతోంది!

మన తీరం సంగతి

మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో, సముద్రానికి దగ్గర. ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరుంటే కింద దాదాపు 40 అడుగులు ఉంటుందని మా శాస్త్రం చెప్పే సూత్రం. అంటే మోటారు పెట్టి ఒక్క అడుగు దించేస్తే, కాలక్రమంలో కింది ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదు. అదే ఇసుకలో ఒక పక్క బోరు, మరో పక్క మరుగుదొడ్డి గొయ్యి తవ్వితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. స్వదేశంలో బీచి పక్కన స్థలం కొని గెస్ట్ హౌసులు కట్టే మిత్రులు, గదులు ఎన్ని అనేముందు నీళ్ళు ఎన్ని అని లెక్క వేయమని నా మనవి.

మీరు డ్రై టోర్టుగాస్ లో గుడారం వేసుకోదలిస్తే మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలను నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. చెత్త తిరిగి తెచ్చుకోవాలి. ఎండెక్కువ, ఇంకొంచెం ఎక్కువే పెట్టుకోండి.