టెజిల్లార్కా గ్రానోసా

టెజిల్లార్కా గ్రానోసా మొలస్కా వర్గములో ఆర్సిడే కుటుంబమునకు చెందిన రెండు చిప్పల జలచరము. 1758లో లిన్నేయస్ దీనికి ఆర్కా గ్రానోసా అని పేరు పెట్టాడు. అనడారా గ్రానోసా అని కూడా వ్యవహరిస్తారు. హిందూ, పశ్చిమ పసిఫిక్ మహాసముద్రాల తీరాలలో మడ అడవుల చెంత, నదీముఖాల బురద నేలలలో ఇది నివసిస్తుంది. గోదావరి ముఖద్వారమునకు చేరువలోని కాకినాడ అఖాతములో కూడా లభిస్తుంది.

లక్షణాలు

చిప్పలు దళసరిగా ఉంటాయి. వాటిపై సుమారు 15 నుండి 20 గట్లు, గట్లపై గింజలవంటి బుడిపెలు ఉంటాయి. నత్తలు, ఆక్టోపస్‌లు మొదలైన అనేక మొలస్కాల రక్తములో రాగితో కూడిన హీమోసయనిన్ ఉండగా, దీని రక్తములో మానవులకు వలెనే ఇనుముతో కూడిన హీమోగ్లోబిన్ ఉంటుంది. అందువలన రక్తము ఎర్రగా ఉంటుంది. ఆక్సిజన్ తక్కువగా ఉండే బురదలో జీవించడానికి ఇది తోడ్పడుతుంది.

ఉప్పదనములో మార్పులు

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. నదికి వరద వచ్చినపుడు తీరములో ఈ పరిమాణము బాగా తగ్గుతుంది. అప్పుడు ఈ జీవి చిప్పలను గట్టిగా మూసుకొని, లోపలి ఉప్పునీటితోనే కొంతకాలము గడుపుతుంది. మూసుకొని ఉన్నంతసేపు ఆహారము తీసుకోలేదు కనుక, మంచినీటి ప్రవాహము ఎక్కువ రోజులు కొనసాగితే మరణిస్తుంది.

ఉపయోగాలు, జాగ్రత్తలు

మలేషియాలో పిల్ల జీవులను సేకరించి బురద నేలలలో చల్లి పెంచుతారు. మాంసము ఆహారముగా, చిప్పలు సున్నము తయారీకి ఉపయోగపడతాయి. మొప్పలతో నీటిని వడగట్టి ఆహారము గ్రహించడము వలన మురుగునీటిలోని సూక్ష్మజీవులు, కాడ్మియం వంటి లోహాలు దీని శరీరములో చేరతాయి. బాగా ఉడికిస్తే సూక్ష్మజీవులు నశిస్తాయి కాని లోహాలు తొలగిపోవు. కనుక తీరజలాల శుభ్రతే అసలైన రక్షణ.