పంతులుగారి తోటకు రాలేకపోయిన భార్యలు

భార్యను కొట్టే మొగుడి గురించి ఊళ్లో సాధారణంగా చెప్పే కారణాలు రెండే: తాగుడు, కోపం. సమాజశాస్త్రం అడిగే ప్రశ్న వేరు. అదే మనిషి అంతే కోపం వచ్చినా పై అధికారి మీదో, అప్పిచ్చిన షావుకారు మీదో చెయ్యి ఎందుకు ఎత్తడు? ఎత్తితే ఏమవుతుందో తెలుసు గనక. ఇంట్లో ఏమీ కాదనీ తెలుసు. లేచి వెళ్లడానికి భార్యకు మరో చోటు లేకపోవడమే ఆ ధీమాకు మూలం. గోదావరి డెల్టాలో నూటయాభై ఏళ్ల సంస్కరణ చరిత్రను ఇలా చదివితే ఒక సంగతి తేటపడుతుంది. పెళ్లి ఎవరికి, ఏ వయసులో, ఎంత సొమ్ముకు జరగాలన్నదాని మీద ఇక్కడ పెద్ద పోరాటాలే జరిగాయి. పెళ్లయ్యాక మొగుడి పెత్తనానికి హద్దు ఎక్కడన్నది మాత్రం చాలా ఆలస్యంగా చర్చకు వచ్చింది.

కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బుతో ఆదుకున్నా, వెలివేతలు తప్పలేదు. వీరేశలింగం పంతులుగారే 1883లో స్త్రీల కోసం 'సతీహితబోధిని' పత్రిక పెట్టారు, భార్యలకు హితవు చెబుతూ 'పత్నీహితసూచని' రాశారు. ఆ రాతల్లోని ఆదర్శ ఇల్లాలు చదువుకున్నదే, కానీ ఓర్పూ పతిభక్తీ ఆమె సొమ్ములే. మొగుడి పెత్తనంలోని అన్యాయం పంతులుగారికి కనిపించలేదనుకుంటే పొరపాటు. 'సత్యరాజా పూర్వదేశయాత్రలు'లో ఆడవాళ్లు ఏలే ఆడుమళయాళాన్ని సృష్టించి, మన కట్టుబాట్లను మగవాళ్ల మెడకే తగిలించి నవ్వించారు. కానీ వ్యంగ్యంలో అన్నంత మాట ఉద్యమంలో అనలేదు. ఆ రోజుల్లో వితంతువు బతుకే అన్నిటికన్నా అత్యవసరమైన సమస్య అన్న వాదనలో న్యాయముంది. అయినా ఆ ఎంపిక ఫలితం ఒకటి మిగిలిపోయింది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అరికాళ్ళకింద మంటలు' కథలో పుట్టింట్లోనే గొడ్డుచాకిరీ చేసే పడుచు వితంతువు ఇల్లు విడిచి బయటపడుతుంది. బండివాడి సాయంతో, వితంతువులకు ఆశ్రయమిచ్చే వీరేశలింగం పంతులుగారి తోట దారి పడుతుంది. ఆమెకు వెళ్లడానికి ఒక చోటుంది. మొగుడు బతికుండి కొడుతున్న ఆడదానికి అలాంటి తోట లేదు.

ఉన్నా చట్టం అక్కడ నిలవనిచ్చేది కాదు. దాంపత్య హక్కుల పునరుద్ధరణ పేరుతో భార్యను కాపురానికి పంపమని కోరుతూ భర్త దావా వేయవచ్చు. బొంబాయిలో రఖ్మాబాయి కేసులో 1887లో న్యాయస్థానం ఆమెకు రెండే దారులు చూపింది: భర్త ఇంటికి వెళ్లడం, లేదా ఆరు నెలల జైలు. ఈ హక్కు హిందూ వివాహ చట్టంలోకీ వచ్చింది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేస్తే, మరుసటేడే సుప్రీంకోర్టు మరో కేసులో దాన్ని నిలబెట్టింది. భార్య మీద క్రూరత్వాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించిన భారత శిక్షాస్మృతి 498-ఎ సెక్షను వచ్చింది కూడా 1983లోనే.

ఇక పెళ్లి సొమ్ము సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు వరి సిరులొచ్చాయి. కాలక్రమంలో కన్యాశుల్కం పోయి కట్నం పెరిగింది. 1920ల్లో కాళ్లకూరి నారాయణరావు రాసిన 'వరవిక్రయం'లో అక్క కాళింది కట్నం పెళ్లి తప్పించుకోడానికి ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల పెళ్లాడి, అత్తారింటికి వెళ్లనంటుంది: డబ్బిచ్చి కొన్నాం గనక మొగుడే మా ఇంటికి రావాలి. కాపురం ఎవరి ఇంట్లో అన్న ప్రశ్నను సూటిగా అడిగిన నాటకమిది.

డెల్టాలో కూతురికి పసుపు కుంకుమ కింద పొలం రాసిచ్చే కలిగిన కుటుంబాలున్నాయి కదా, ఆస్తి ఉన్నా దెబ్బలు తప్పలేదు కదా అనవచ్చు. కాగితం ఆమె పేరున ఉన్నా, కౌలుదారు మక్తా ముట్టజెప్పేది అల్లుడుగారికైతే ఆ ఎకరాలు ఆమెకు అండ కావు. అండ అయితే ఏమవుతుందో తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. పొలం, ఇల్లు రెండూ లేని స్త్రీలలో భర్త చేతి దెబ్బలు తిన్నవారు 49 శాతం. పొలమున్నవారిలో 18, ఇల్లున్నవారిలో 10, రెండూ ఉన్నవారిలో 7 శాతమే. చదువు, రాబడి తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఆస్తి ప్రభావం నిలిచింది.

తాగుడు సంగతి కొట్టిపారేయదగ్గది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా ఉద్యమంతో 1993లో సారా నిషేధం వచ్చింది, ఎన్నో ఇళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. కానీ తాగుబోతు కూడా ఎవరిని కొట్టవచ్చో మరచిపోడు. మొగుడి దెబ్బను ఆడవాళ్లే ఒప్పుకుంటున్నారన్నది మరో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సుమారు 84 శాతం, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్నారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందనే సామెత పుట్టిన నేల ఇది. అయితే తప్పించుకునే దారి లేనిచోట దెబ్బను న్యాయమనుకోవడం కూడా బతకడానికి పడే ఒక పాటే. మేనరికం రక్ష అనేవారికీ జవాబుంది: అత్తారిల్లే మేనమామ ఇల్లయితే కొన్నిసార్లు ఆదరణ దొరుకుతుంది, కొన్నిసార్లు అన్నాచెల్లెళ్ల బంధం చెడుతుందని ఫిర్యాదే గొంతులో ఆగిపోతుంది.

అందుకే 2005 గృహహింస చట్టంలో శిక్షల కన్నా నివాస హక్కే ముఖ్యం. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకుందని 17వ సెక్షను చెబుతోంది. అత్తమామల పేరున ఉన్న ఇంటికి అది వర్తించదని 2006లో సుప్రీంకోర్టు అన్నా, 2020లో ఆ అభిప్రాయాన్ని సరిదిద్దింది. ఇక మిగిలింది పుట్టిళ్ల వంతు. పెళ్లినాడు ఇచ్చే సొమ్ములో ఎంత కూతురి చేతిలో నిలుస్తుంది, కాపురం చెడితే ఆమెకు ఏ గది తెరిచి ఉంటుంది అన్నవి తాంబూలాలనాడే తేల్చుకోవలసిన విషయాలు.