ముర్గీ చౌక్‌లో కుందేలు జోడీ ధర

చార్మినార్ దగ్గర లాడ్ బజార్ గాజుల దుకాణాలు దాటి పడమరకు నడిస్తే మహబూబ్ చౌక్ గడియార స్తంభం కనిపిస్తుంది. నిజాం ప్రభుత్వంలో దివాన్‌గా పనిచేసిన పాయిగా ప్రభువు అస్మాన్ జా 1892లో దాన్ని కట్టించాడు. చౌక్‌కు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టారు. పాతబస్తీ జనం నోట మాత్రం అది ముర్గీ చౌక్. కోళ్లు, పావురాలు, బాతులు, గిన్నీ కోళ్లు, వాటి పక్కనే పంజరాల్లో కుందేళ్లు. ప్రాణమున్న సరుకును కళ్లారా చూసి, చేత్తో పట్టి, బేరమాడి కొనే అంగడి ఇది.

జాతికి ధర కట్టడం ఇక్కడ కుందేలుతో మొదలవలేదు. అసీల్ అనే పందెపు జాతి పుంజును కొనే షౌకీన్ (మోజుపడి పెంచేవాడు) మెడ, కాళ్లు, కళ్లు పరీక్షించి, ఆ తర్వాత తండ్రి ఎవరు, తల్లి ఎవరు అని అడుగుతాడు. పావురమైతే ఎంతసేపు గాలిలో నిలుస్తుందో, మిద్దెకు తిరిగొస్తుందో లేదో చూస్తాడు. పుంజు పౌరుషమైనా పావురం ఓపికైనా కళ్లెదుట తేలిపోయేవే. ధరకు రుజువు ఆ ప్రాణిలోనే ఉంటుంది.

కుందేలు విషయం వేరు. అది ఈ నేలది కాదు. మన చేలల్లో పరుగెత్తే చెవులపిల్లి మరో ప్రజాతి; దాని పిల్లలు కళ్లు తెరిచే పుడతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం నేరం. పంజరంలోని పెంపుడు కుందేలు పూర్వికులది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. న్యూజిలాండ్ వైట్ అనే కుందేలు జాతి పేరు ఎలా ఉన్నా, దాన్ని తీర్చిదిద్దింది అమెరికాలో. సోవియట్ చించిల్లా అనే మరో జాతి పేరులోనే దాని పుట్టుక ఉంది.

హైదరాబాద్‌లో ఈ జంతువు రెండు రకాలుగా బతికింది. పోషకాహార పరిశోధన సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మూసీ నదికి అవతల తార్నాకలోని ఆ సంస్థలో ప్రయోగాల కోసం పెంచిన కుందేళ్లకు పుట్టుక, తల్లిదండ్రుల వివరాలు రాసిపెట్టే పద్ధతి ఉండేది. హైదరాబాద్ బయట, మాంసం జాతుల కోసం రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ పనిచేసింది. కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులోని దాని కేంద్రం దక్షిణాది రైతులకు జాతి కుందేళ్లను అందించింది. మూసీకి ఇవతల అంగట్లోని కుందేలుకు అలాంటి పుస్తకం లేదు. బొచ్చు రంగే దాని చిరునామా.

రుజువు లేని చోట ధర ఎంతకైనా ఎగబాకుతుంది. 1900 ప్రాంతంలో అమెరికాలోని లాస్ ఏంజిల్స్‌లో బెల్జియన్ హేర్ అనే కుందేలు జాతి మీద మోజు రేగింది. మేలుజాతి పోతులు వందల డాలర్లు పలికాయి. అందరూ పెంచి అమ్మేవాళ్లే అయ్యేసరికి కొద్ది ఏళ్లలోనే ఆ గిరాకీ కూలిపోయింది. మన దగ్గర ఈము పక్షులదీ అదే కథ. జోడీలు కొన్న రైతు మరో రైతుకు పిల్లల్ని అమ్మాడు తప్ప మాంసానికి, నూనెకు నిలకడైన గిరాకీ రాలేదు. 2012 నాటికి ఆ వ్యాపారం కుప్పకూలింది.

అందుకే పెంపకానికి కొనేవాళ్లు ముందు కుందేలు ముందరి పాదాల లోపలి వైపు చూడాలి. అక్కడ బొచ్చు అట్టకట్టి ఉంటే అది కారుతున్న ముక్కును తుడుచుకుంటోందన్నమాట. తుమ్మే కుందేలు మందకంతటికీ జబ్బు తెస్తుంది. పళ్లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే ఆ లోపం పిల్లలకూ దిగవచ్చు. చెవుల్లో పొక్కులు, వెనక కాళ్ల అడుగున పుండ్లు ఉంటే వదిలేయాలి. ఆడదానికి కనీసం 8 చన్నులు, పోతుకు రెండు వృషణాలూ దిగి ఉండాలి. జతకట్టే వయసు ఆడదానికి 5–6 నెలలు, పోతుకు 6–7 నెలలు. వేసవి వేడికి పోతుల సత్తువ తాత్కాలికంగా పడిపోతుంది. కాబట్టి హైదరాబాద్‌లో మే నెల కంటే చలికాలం కొనడం మేలు.

అన్నిటికంటే పెద్ద చిక్కు జోడీలోనే ఉంది. ఒకే బుట్టలోంచి తీసి కట్టిన జోడీ ఒకే ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్లు కావచ్చు. పోతును ఒక చోట, ఆడవాటిని మరో చోట కొనడమే క్షేమం. 8–10 ఆడవాటికి ఒక పోతు చాలు.

న్యాయమైన ధరకు లెక్క ఉంది. 2 నెలల పిల్లను 5 నెలల వరకు పెంచితే, రోజుకు 100–150 గ్రాముల చొప్పున 90 రోజులకు 9 నుంచి 13.5 కిలోల దాణా అవుతుంది. పిల్ల వెల, ఈ దాణా ఖర్చు, మధ్యలో చనిపోయేవాటి నష్టం, కొంత లాభం. ఈ మొత్తం కంటే ఎక్కువ అడిగితే దేనికో అమ్మేవాడే చెప్పాలి. తల్లి ఎన్ని ఈతలు ఈనింది, ఈతకు ఎన్ని పిల్లలు బతికాయి అని రాసిన పుస్తకం చూపిస్తే ఆ ఎక్కువ ఇవ్వడం సబబు. ‘పిల్లల్ని మేమే తిరిగి కొంటాం’ అన్న హామీకి మాత్రం పైసా ఇవ్వకూడదు.

2018 పెట్ షాప్ నిబంధనలు దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్‌ను, జంతువుల రాకపోకల రికార్డును తప్పనిసరి చేశాయి. ముర్గీ చౌక్ వ్యాపారులు ఈ రికార్డులో తల్లిదండ్రుల వివరాలు, పుట్టిన తేదీ కూడా చేర్చాలి. కొనేవాళ్లు అసీల్ పుంజుకు అడిగినట్టే కుందేలుకూ తల్లీ తండ్రీ ఎవరని అడగాలి. జవాబు దొరకని కుందేలును ఇంట్లో ముద్దుకు పెంచుకోవచ్చు గానీ, దానికి జాతి ధర చెల్లించకూడదు.