ముగ్గురు అబ్దుల్ హక్‌లు - అందులో మనవారు ఒకరు



కొన్నేండ్ల కిందట పిల్లల వక్తృత్వ పోటీ ఒకదానికి నేనూ వెళ్లినాను. తొమ్మిదో తరగతి పిల్లోడు ఒకడు లేచి, ఎక్కడా తడబడకుండా గడగడా చెప్పినాడు: "కర్నూలు ఉస్మానియా కళాశాల స్థాపకులైన డాక్టర్ అబ్దుల్ హక్ గారు ఉత్తరదేశంలో హాపుర్‌లో జన్మించి, ఉర్దూకు జీవితమంతా సేవ చేసి, 1961లో కరాచీలో మరణించారు." సభ అంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టినాను. బహుమతి కూడా వానికే వచ్చింది. నా వెనక కుర్చీలో ఒక ముసలాయన మాత్రం, "అరే, హమారే సాబ్ కూ కరాచీ భేజ్ దియే నా!" అని గొణుక్కున్నాడు. మన సాబును కరాచీకి పంపించేసినారే అని ఆయన బాధ. అప్పుడు గాని నాకు తెలివి రాలేదు. పిల్లోడిది తప్పు కాదు. వాడు ఏదో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చదువుకున్నాడు. కాని ఆ పుస్తకంలోని అబ్దుల్ హక్ వేరు, మన అబ్దుల్ హక్ వేరు.

ముందు పేరు సంగతి చూద్దాం. 'హక్' అంటే సత్యం. అల్లాహ్ శుభనామాలు తొంభై తొమ్మిదింటిలో 'అల్ హక్' ఒకటి. 'అబ్ద్' అంటే దాసుడు. కాబట్టి అబ్దుల్ హక్ అంటే సత్యస్వరూపుడైన ప్రభువుకు దాసుడు. అందుకే 'అబ్దుల్' తీసేసి ఉత్త 'హక్' అని పిలిస్తే మన ఇండ్లలో పెద్దలు కోప్పడతారు. మనం తెలుగులో రోజూ వాడే 'హక్కు' అనే మాటా ఈ అరబీ మాట నుంచి వచ్చిందే. ఇంత గొప్ప అర్థం ఉన్న పేరు గనుకనే మన చరిత్రలో ఎందరో పెట్టుకున్నారు. వారిలో ముగ్గురిని ఇక్కడ తలుచుకుందాం.

మొదటివారు షేక్ అబ్దుల్ హక్ ముహద్దిస్ దెహ్లవీ. 1551లో ఢిల్లీలో పుట్టి, 1642లో అక్కడే కన్నుమూసినారు. అక్బరు, జహంగీరు, షాజహాను ముగ్గురి కాలమూ చూసిన మనిషి. నడివయసులో మక్కా వెళ్లి, షేక్ అబ్దుల్ వహాబ్ ముత్తఖీ వద్ద హదీసు విద్య నేర్చుకుని, తిరిగి వచ్చి ఢిల్లీలో పాఠం చెప్పినారు. హిందూస్థానంలోని ఔలియాల జీవితాలను 'అఖ్బారుల్ అఖ్యార్' అన్న గ్రంథంలో ఫారసీలో రాసిపెట్టినారు. అరబీ రాని జనానికి హదీసు అర్థం కావాలని, 'మిష్కాత్' గ్రంథానికి ఆనాటి చదువుల భాష ఫారసీలోనే వ్యాఖ్యానం రాసినారు. వారి గురువు పేరు కూడా మన ఊరివారికి కొత్త కాదు. హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్‌లో నిద్రిస్తున్న కర్నూలు పాలకుని పేరూ అబ్దుల్ వహాబే. పేరు ఒకటే, మనుషులు వేరు.

రెండవవారు మౌల్వీ అబ్దుల్ హక్. లోకమంతా 'బాబా ఎ ఉర్దూ' అన్నది వీరినే. హాపుర్‌లో పుట్టి, అలీగఢ్‌లో చదివి, హైదరాబాదు సంస్థానంలో ఉద్యోగానికి వచ్చినారు. 1903లో పుట్టిన అంజుమన్ తరఖ్ఖీ ఎ ఉర్దూకు 1912లో కార్యదర్శి అయినారు. 1918లో హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. అందులో చదువంతా ఉర్దూలో సాగాలంటే పుస్తకాలు కావాలి కదా! ఆ పుస్తకాలు తయారు చేసే అనువాద శాఖకు వీరు అధిపతి. ఔరంగాబాదు ఉస్మానియా కళాశాలకు ప్రిన్సిపాలుగానూ ఉన్నారు. మన ఇండ్లలో మాట్లాడే దక్కనీకి వీరు చేసిన మేలు ఒకటుంది. గోల్కొండ కవి ముల్లా వజహీ 1635లో రాసిన 'సబ్‌రస్' అన్న దక్కనీ గ్రంథాన్ని వెతికి, పరిష్కరించి, 1932లో అచ్చు వేయించినారు. దేశ విభజన తరువాత పాకిస్థాను వెళ్లి, 1961 ఆగస్టు 16న కరాచీలో మరణించినారు. మన పిల్లోడు చెప్పిన సంగతులు వీరివి.

మూడవవారు మనవారు, కర్నూలు బిడ్డ, అఫ్జల్ ఉల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హక్. 'అఫ్జల్ ఉల్ ఉలమా' అన్నది ఎవరో ముచ్చటపడి తగిలించిన బిరుదు కాదు. అరబీ విద్యలో మదరాసు విశ్వవిద్యాలయం పరీక్ష పెట్టి ఇచ్చే పట్టం. మదరాసులో ప్రభుత్వ మహమ్మడన్ కళాశాలకు ప్రిన్సిపాలు అయినారు. అంత పదవిలో ఉన్నవారు అక్కడే సుఖంగా ఉండిపోవచ్చు. కాని ఊరిని మరచిపోలేదు.

ఆ కాలం ఎట్లాంటిదో మన పిల్లలకు చెప్పాలి. కర్నూలు అప్పుడు మదరాసు రాష్ట్రంలోని జిల్లా. ఇక్కడి పిల్లోడు డిగ్రీ చదవాలంటే అనంతపురమైనా పోవాలి, మదరాసైనా పోవాలి. మదరాసుకు రైలు ఎక్కితే డోన్‌లోనూ గుంతకల్లులోనూ బండ్లు మారి, కడప మీదుగా పోవాలి. సరే, ఎట్లో పోయినాడే అనుకుందాం. హాస్టలు ఖర్చు ఎవరు భరిస్తారు? వానను నమ్ముకున్న మెట్ట రైతు, సంతలో చిల్లర బేరం చేసుకునే తండ్రి, బీడీలు చుట్టే తల్లి, వీళ్లకు అది అయ్యే పనేనా? మగపిల్లల సంగతే ఇట్లుంటే ఆడపిల్లల చదువు గురించి వేరే చెప్పాల్నా?

ఆ కరువు నేలలో 1947లో వీరు కర్నూలులో ఉస్మానియా కళాశాల నెలకొల్పినారు. నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీదుగా దానికా పేరు. ముస్లిం పిల్లల చదువు కోసం పుట్టినా, దాని తలుపు ఏ మతం పిల్లవానికీ మూయలేదు. ఈ జిల్లాలలో ఆ కళాశాల గడప తొక్కి టీచర్లు, గుమాస్తాలు, వకీళ్లు అయినవారు లేని వీధి వెతికినా దొరకదు. 2016లో కర్నూలులో రాష్ట్ర ప్రభుత్వం ఉర్దూ విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు పెట్టిన పేరు వీరిదే, బాబా ఎ ఉర్దూది కాదు. ఆ విశ్వవిద్యాలయం తొలినాళ్లలో తరగతులు నడుపుకున్నది కూడా ఉస్మానియా కళాశాల ఆవరణలోనే.

ఇప్పుడు చూడండి, పొరపాటు ఎంత సులభమో! ఇద్దరూ అబ్దుల్ హక్‌లే, ఇద్దరూ ప్రిన్సిపాళ్లే, ఇద్దరి కథలోనూ 'ఉస్మానియా' ఉంది. పైగా మన ఊళ్లో ఉన్నది ఉర్దూ యూనివర్సిటీ. పెద్ద పేరు చిన్న పేరును మింగేస్తుంది. బాబా ఎ ఉర్దూను మనం కాదనడం లేదు, వారూ మనకు గురువులే. కాని వారిని తలుచుకునేవాళ్లు ఢిల్లీలో ఉన్నారు, కరాచీలో ఉన్నారు. కర్నూలు అబ్దుల్ హక్‌ను మనం మరిస్తే తలుచుకునేది ఎవరు?

ఈ చిక్కుకు మన పూర్వులే ఉపాయం చూపించినారు. పేరు చివర ఊరిని చేర్చి చెప్పడం, దాన్నే 'నిస్బత్' అంటారు. అందుకే మొదటివారు 'దెహ్లవీ' అయినారు. అట్లే మనం కూడా ఇకమీద 'అబ్దుల్ హక్ కర్నూలీ' అని చెప్పుకుందాం. పిల్లలకు ఉపన్యాసం రాసిచ్చేటప్పుడు, గోడకు పటం తగిలించేటప్పుడు, ఏ ఊరి అబ్దుల్ హక్ అని ఒక్కసారి అడిగి చూసుకుందాం.

మరొక్క మనవి. కర్నూలు, కడప, నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు ఎక్కడున్నా, ఉస్మానియాలో చదువుకున్న పెద్దలు మన సభ్యుల ఇండ్లలో ఉన్నారు. పాత ఫోటో ఉన్నా, గుర్తున్న పాఠం ఉన్నా, మీ మనుమలతో కాగితం మీద రాయించి పెట్టండి. హక్ అంటే సత్యం అన్నాం కదా! సత్యాన్ని పిల్లలకు అప్పగించడం మన విధి. దాన్ని అడిగి తీసుకోవడం వాళ్ల హక్కు.