ఒక కాడి, రెండు పందేలు

తిరునాళ్లలో బండలాగుడు పోటీ చూస్తున్న అనంతపురం రైతును, ఈ జతలో గట్టి ఎద్దు ఏదని అడిగి చూడండి. సూటిగా చెప్పడు. ఎలపటది ఒంటరిగా ఎగబడితే కాడి వంకరపోతుంది, బండ పక్కకు జారుతుంది. చివర్లో కొలిచేది బండ సాగిన దూరమే. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో కార్లు రావడం మొదలైనా, వానకు మొహం వాచిన ఈ మెట్టలో జత అంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఎడ్లే.

కార్ల పందేల్లో బండనూ కొలుస్తారు, ఎద్దునూ కొలుస్తారు. చిక్కంతా అక్కడే. జట్టుకు రెండు కార్లు. రెండూ తెచ్చిన పాయింట్లు కలిపి జట్టు టైటిల్ లెక్కేస్తారు. డ్రైవర్ టైటిల్ మాత్రం ఒక్కడికే. వేరే జట్టువాడు దాటిపోతే కారు మీద నెపం వేయొచ్చు. సొంత జట్టువాడిదీ అదే కారు కదా, వాడు దాటితే ఏం చెప్పుకోవాలి?

ఈ తంటా తెలుగునేల మీద కళ్లారా చూశాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్లు పరుగెత్తాయి. గ్రేటర్ నోయిడాలో 2013లో చివరి ఫార్ములా వన్ జరిగాక, ప్రపంచ చాంపియన్‌షిప్ కార్ల రేసు మన దేశానికి రావడం అదే మొదలు. జాగ్వార్ టాటాల కంపెనీ, కాబట్టి ఆ జట్టుకిది సొంతింటి పందెం. దాని డ్రైవర్ మిచ్ ఎవాన్స్ అందరికంటే ముందు నుంచి బయల్దేరే పోల్ పొజిషన్ కొట్టాడు. కానీ అతని జోడీ శామ్ బర్డ్, హెయిర్‌పిన్ మలుపులో ఒక నిస్సాన్ కారును దాటబోయి, అదుపు తప్పి నేరుగా ఎవాన్స్ మీదికే వెళ్లాడు. రెండు జాగ్వార్లూ అక్కడితో సరి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రెండో స్థానం ఎన్విజన్ జట్టు డ్రైవర్ నిక్ కాసిడీది. ఎన్విజన్ కార్లలో ఉన్నది జాగ్వార్ మోటారే! అమ్మినవాడు గోడకు కొట్టుకున్నాడు, కొన్నవాడు పోడియం ఎక్కాడు.

బర్డ్ కావాలని చేసింది కాదు. ఇలాంటి పొరపాటును ఏ ఆదేశమూ ఆపలేదు. ఆదేశాలిచ్చి ఆపిన చోట మాత్రం ఏం దక్కింది? 2002 మే 12న ఆస్ట్రియా ఫార్ములా వన్ పోటీలో ఫెరారీ డ్రైవర్ రూబెన్స్ బారికెల్లో రేసంతా ముందున్నాడు. రేడియోలో మాట వచ్చింది. ముగింపు గీతకు కొన్ని మీటర్ల దూరంలో వేగం తగ్గించి తన జోడీ షూమాకర్‌ను పోనిచ్చాడు. అప్పటికే ఆ ఏడాది అయిదు రేసుల్లో నాలుగు గెలిచినవాడికి ఈ భిక్ష దేనికో! జనం ఈలలు, కేకలతో ఎగతాళి చేశారు. సిగ్గుపడ్డ షూమాకర్ పోడియం మీద పై మెట్టు బారికెల్లోకు ఇచ్చాడు. ఫెరారీకి 10 లక్షల డాలర్ల జరిమానా పడింది, ఆదేశం ఇచ్చినందుకు కాదు, పోడియం మీద మెట్లు మార్చినందుకు. తర్వాతి ఏడాది నుంచి జట్టు ఆదేశాలనే నిషేధించారు. వాటికి మారువేషం వేయడం ఎంతసేపు? 2010లో జర్మనీలో ఫెరారీవాళ్లు తమ డ్రైవర్ ఫెలిపె మాసాకు, జోడీ అలోన్సో నీకంటే వేగంగా ఉన్నాడని మాత్రమే చెప్పారు. మాసా దారి ఇచ్చాడు. ఈసారి లక్ష డాలర్లు కట్టారు. 2011లో నిషేధమే ఎత్తేశారు.

విజయ్ మాల్యా ఫార్ములా వన్ జట్టు ఫోర్స్ ఇండియా కథ ఇంకోలా సాగింది. 2017లో దాని డ్రైవర్లు పెరెజ్, ఒకాన్ బాకూలో ఢీకొన్నారు, స్పాలో ఒకే రేసులో రెండుసార్లు ఢీకొన్నారు. ఆ తర్వాత వాళ్లు స్వేచ్ఛగా తలపడకుండా యాజమాన్యం పగ్గాలు బిగించింది. ఆ ఏడాది జట్టు నాలుగో స్థానం నిలబెట్టుకుంది. పగ్గం పనికొచ్చిందనే నా లెక్క.

జాగ్వార్ మాత్రం బర్డ్ స్థానంలో ఆ కాసిడీనే తెచ్చి ఎవాన్స్ పక్కన కట్టింది. ఇద్దరూ న్యూజిలాండ్ వాళ్లే, ఇద్దరికీ టైటిల్ ఆశే. 2024 జులై 21న లండన్‌లో ఆఖరి రేసు. కాసిడీ టైరు పంక్చరై తప్పుకున్నాడు. ఎవాన్స్ అదనపు శక్తి కోసం దాటాల్సిన గీతల మీదుగా సరిగ్గా పోలేక సమయం పోగొట్టుకున్నాడు. పోర్షే డ్రైవర్ పాస్కల్ వెర్లైన్ 198 పాయింట్లతో చాంపియన్ అయ్యాడు. ఎవాన్స్‌కు 192 వచ్చాయి. జట్టు టైటిల్ జాగ్వార్‌దే.