చర్చి మాట, ఇంటి మాట

చాలా ఏళ్ళ క్రితం మా బంధువులలో ఒక కుర్రవాడు తాను ఆడపిల్లను పెళ్ళి చేసుకోలేనని, కారణం కూడా దాచకుండా ఇంట్లో చెప్పాడు. అందరూ నిశ్శబ్దమైపోయారు. చివరకు మా మేనత్త "దేవుడు ఒప్పుకోడురా" అన్నది. అక్కడితో ఆ ప్రస్తావన ముగిసింది. నేనూ నోరు మెదపలేదు. మతం కాదన్నాక సమాజం అవుననదని నా అభిప్రాయం. దానిని కదిలించినది ఐర్లండు చరిత్ర.

1937లో అమలులోకి వచ్చిన ఐరిష్ రాజ్యాంగం కేథలిక్ చర్చికి "ప్రత్యేక స్థానం" ఇచ్చింది, విడాకులను నిషేధించింది. ఆ స్థానాన్ని 1972 నాటి ప్రజాభిప్రాయ సేకరణ తొలగించినా, చర్చి పలుకుబడి తగ్గలేదు. 1979లో పోప్ వచ్చినపుడు డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో పది లక్షలకు పైగా జనం చేరారని అంచనా. 1986లో విడాకుల ప్రతిపాదనను ఓటర్లు తిరస్కరించారు. 1995లో అది నెగ్గినది సుమారు 9 వేల ఓట్ల తేడాతో మాత్రమే!

స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన శాసనాలు మాత్రం రోములో పుట్టినవి కావు. అవి విక్టోరియా కాలపు బ్రిటిష్ పార్లమెంటు చేసినవి. మన 377వ సెక్షను కూడా ఆ పాలకులు 1860లో ఇచ్చినదే. డేవిడ్ నోరిస్ యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో 1988లో గెలిచాక, 1993లో ఐర్లండు ఆ నేరాన్ని రద్దు చేసింది. మన సుప్రీంకోర్టు అంగీకారంతో కూడిన సంబంధాలను నేరపరిధి నుంచి తప్పించినది 2018లో.

2015 మే 22న వివాహ సమానత్వంపై ఐర్లండు ఓటు వేసింది. బిషప్పులు వ్యతిరేకించారు. అయినా 62 శాతం అవునన్నారు. 43 నియోజకవర్గాలలో కాదన్నది ఒక్కటే. ప్రజల ఓటుతో దేశవ్యాప్తంగా ఈ హక్కును ఆమోదించిన తొలి దేశం అదే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో 84 శాతం కేథలిక్కులని గుర్తుంచుకుంటే, ఆ ఓటర్లందరూ నాస్తికులని చెప్పి తప్పించుకోవడం కుదరదు.

మరి ఏమి మారింది? మతసంస్థలు నడిపిన వసతి గృహాలలో పిల్లలపై జరిగిన హింసను 2009 నాటి ర్యాన్ నివేదిక బయటపెట్టింది. దేవుని మీద విశ్వాసం మిగిలినవారిలో కూడా, కుటుంబ నీతిని గురించి చర్చి చెప్పే మాట మీద గురి తగ్గింది. మరోవైపు మాజీ అధ్యక్షురాలు మేరీ మెకలీస్ వంటివారు ముందుకు వచ్చారు. ఆమె భక్తురాలు, చర్చి ధర్మశాస్త్రం చదివినావిడ, స్వలింగప్రియుడైన కుమారునికి తల్లి. ఆమె అవునని బహిరంగంగా ప్రచారం చేశారు. ఓటు పౌర వివాహానికి సంబంధించినదే తప్ప, ఏ పురోహితుణ్ణీ ఆ పెళ్ళి జరిపించమని నిర్బంధించేది కాదు. ఆ తేడా తెలియడం కూడా చాలామంది విశ్వాసులకు ధైర్యమిచ్చి ఉంటుందని నా ఊహ.

మన దేశంలో కథ ఇంకా నడుస్తున్నది. హైదరాబాదు జంట ఒకటి కూడా పిటిషనరుగా ఉన్న వ్యాజ్యంలో, వివాహ హక్కును గుర్తించడానికి సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న నిరాకరించి, విషయాన్ని శాసనసభలకు వదిలింది. అక్కడ కూడా మతసంస్థలు వ్యతిరేకంగా వాదించాయి. ఐర్లండులో జరిగినదే ఇక్కడా జరుగుతుందని నేను జోస్యం చెప్పలేను. మనకు ఒకే చర్చి లేదు, ఒకే బిషప్పు లేడు. మనలో చాలామందికి దేవుని మాటగా వినపడేది మేనత్తల, తాతల గొంతే. అయితే మెకలీస్ మాట్లాడినది కూడా ఒక ఇంటి నుంచే కదా!

మా అత్త దుర్మార్గురాలు కాదు. ఆ కుర్రవాణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి. ఆనాడు ఆమెను "ఏ దేవుడు, ఎక్కడ చెప్పాడు అత్తా?" అని నెమ్మదిగా అడగవలసినది నేను. అడగలేదు. అత్త ఇప్పుడు లేదు. ఆ కుర్రవాడు ఏటా ఆమె ఆబ్దికానికి వస్తాడు, ఒంటరిగా.