నిరంతర గ్లూకోజ్ మానిటర్

మధుమేహం ఉన్నవారు జబ్బ వెనుక అంటించుకునే సెన్సర్ ఇది. చర్మం కింది ద్రవంలోని గ్లూకోజ్‌ను కొలిచి ఫోన్‌కు పంపుతుంది; ఫ్రీస్టైల్ లిబ్రే రకం సుమారు రెండు వారాలు పనిచేస్తుంది. ల్యాబుల్లో పరగడుపున, తిన్న రెండు గంటలకు చేసే పరీక్షలు ఆ రెండు క్షణాల సంగతే చెబుతాయి. ఇడ్లీ తిన్నాక గ్లూకోజ్ ఎంత ఎగబాకిందో, నిద్రలో ఎంత పడిపోయిందో వాటికి అందదు. ఖరీదన్న అభ్యంతరం న్యాయమే. అయితే ఇన్సులిన్ వాడనివారికి అప్పుడప్పుడూ ఒక సెన్సర్ పెట్టుకున్నా ఉపయోగమే. రక్తంలోని గ్లూకోజ్ కంటే రీడింగు కొన్ని నిమిషాలు వెనకబడుతుందన్నదీ నిజమే. అంకెకూ ఒంట్లోని లక్షణాలకూ పొంతన కుదరకపోతే వేలికొన పొడిచి గ్లూకోమీటరుతో సరిచూసుకోవాలి. డాక్టరును అడగకుండా ఫోన్‌లోని గ్రాఫు చూసి మందుల మోతాదు మార్చకండి.